ఏ నొవ్వేర్?

సెగెద్ పట్టణంలో తిసా నది కనబడే ఆస్పత్రి, మూడో అంతస్తు. పక్షవాతంతో మాట పడిపోయిన ఎర్విన్ మాష్టారు మంచం మీద; పక్క కుర్చీలో ఆయన అక్క ఎతెల్క, ఒళ్ళో అట్టముక్కల కట్టతో. గురువారం, మధ్యాహ్నం మూడు దాటింది.

“కాదు. మళ్ళీ చూడు.”

“ఆ... ఆపిల్.”

“ఆపిల్ ఎక్కడ్రా, నడుముంది దానికి! ఆపిల్‌కి నడుముంటుందా? పైన సన్నం, కింద లావు. అచ్చం మార్గిట్ పిన్నిలాగ.”

“పిన్ని.”

“పిన్ని కాదు నాయనా, పండు. కొ...”

“కొ...”

“కొర్...”

“కొర్తె.”

“హమ్మయ్య! కొర్తె. బేరిపండు. ఇప్పుడు అట్ట తిప్పుతున్నా. ఇదేంటి?”

“దీపం.”

“దీపమే, కాదన్లేదు. అసలు పేరేంటి దానికి? కప్పుకి వేలాడుతుంది. ఇందాకటి పండులాగే ఉంటుంది గానీ కొరికితే పళ్ళు రాలతాయి.”

“...కొర్తె?”

“ఆ! బేరిపండూ కొర్తే, బల్బూ కొర్తే. చూశావా, ఒక మాట నేర్చుకుంటే రెండొచ్చాయి. డాక్టరమ్మ వారంలో ముప్ఫై మాటలు నేర్పమంది. నేను పదిహేను అట్టలే కోశాను. రెండేసి అర్థాలున్న మాటలు ఏరి ఏరి, అటో బొమ్మ, ఇటో బొమ్మ.”

“మో... మోసం.”

“ఇదిగో, ఈ మాట మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది చూడు! మోసం కాదు, పొదుపు. నీ బుర్రలో ఇప్పుడు చోటు తక్కువ. ఒక్కో మాట చేత రెండేసి పనులు చేయించుకోవాలి. తర్వాతది. ఇది?”

“లె... లెవేల్.”

“ఓహో! ఏ లెవేల్? ఆకా, ఉత్తరమా?”

“రెండు.”

“రెండూనూ. కొంతమందికి బతుకంతా లెవేలే. ముప్ఫైనాలుగేళ్ళు పోస్టాఫీసులో కూర్చుని ఉత్తరాల మీద ముద్రలు గుద్దడం, ఇంటికొచ్చి గుమ్మం ముందు ఆకులు ఊడ్చుకోవడం. అలాంటి మనిషెవరైనా తెలుసా నీకు? పోస్టాఫీసులో పనిచేసే మనిషి?”

“...దాహం.”

“ఇదిగో. మెల్లిగా. ఆ పక్క నుంచి కారుతోంది, ఉండు తుడుస్తా. పోస్టాఫీసు అక్కర్లేదన్నమాట. సరే. ఇదేంటి? పెద్ద పెద్ద గోడలు, బురుజులు.”

“వార్.”

“అడిగీ అడగ్గానే! కోట. మాష్టారువి కదా, పిల్లల్ని ఎన్ని కోటలకి తిప్పి ఉంటావో. తిప్పుతున్నా. ఈ అమ్మాయి బస్టాపులో ఏం చేస్తోంది?”

“...నించుంది.”

“నించుని?”

“వార్.”

“ఎదురుచూస్తోంది. అదీ వారే. భలే.”

“ఎవరు?”

“ఎవరేంటి?”

“వార్. ఎవరు... ఎదురు?”

“ఎవరి కోసమూ కాదు. బొమ్మ. బల్ల మీద వారపత్రికలోంచి కత్తిరించా. ఇంకోటి చూద్దాం. ఇది... ఇది వద్దులే, ఇంకోటి.”

“అది.”

“వద్దన్నాగా, బాలేదు ఆ బొమ్మ.”

“అది. అదే.”

“సరే చూడు. రాతిపలక, మీద సిలువ. షీర్. సమాధి.”

“అమ్మ.”

“...ఏమన్నావ్?”

“అమ్మ. ఇక్కడ.”

“అమ్మ కాదురా. రాళ్ళు చెక్కే కొట్టువాడు ఊరంతా పంచిన ప్రకటన కాగితం అది. సమాధి ముందే చేయించుకుంటే నల్లరాయికి తగ్గింపట. తిప్పుతున్నా, ఇటు చూడు. బుజ్జిది ఏడుస్తోంది. అదీ షీరే. సమాధి షీర్, ఏడుస్తోంది షీర్. ఆ రెంటికీ ఒకే మాట పెట్టినవాళ్ళెవరో గానీ...”

“నొవ్వేర్. ఏడుపు... వద్దు.”

“నేనా? నేనేం ఏడవట్లేదు. మకో నుంచి బస్సులో వచ్చా, సంచీలో మా ఊరి ఉల్లిపాయలున్నాయి. వాటి ఘాటు.”

“వద్దు.”

“వద్దంటే మానేశా. చూడు.”

“నొవ్వేర్!”

“ఆ?”

“ఆ, వస్తున్నా మాష్టారూ! ...అయ్యో, ఇద్దరం ఒకేసారి పలికాం పెద్దమ్మా.”

“పలక్క ఏం చేస్తాం దల్మా. ఎవర్ని పిలిచాడో నువ్వే కనుక్కో. ఆస్పత్రిలో సూదేసేదీ నొవ్వేరే, ఇంట్లో ముందు పుట్టిందీ నొవ్వేరే. మూడు వారాల్నుంచీ ఆయన పిలవడం, మనిద్దరం గుమ్మంలో గుద్దుకోవడం.”

“ఏం కావాలి మాష్టారూ?”

“దిండు.”

“దిండా? ఇదిగో. ఎత్తు సరిపోయిందా? పెద్దమ్మా, ఉండండి, ఇవాళ తేల్చేద్దాం. మాష్టారూ, ఇటు చూడండి. నేనెవర్ని?”

“నొవ్వేర్.”

“శభాష్. మరీవిడ?”

“...నొవ్వేర్.”

“ఇద్దరం ఒకటేనా?”

“కాదు.”

“ఏం తేడా?”

“సూది.”

“నేను సూదులు పొడుస్తానన్నమాట. మరీవిడ?”

“మంచి... నొవ్వేర్.”

“విన్నారా! రాత్రీ పగలూ చాకిరీ చేసే నేను సూది, కూర్చుని బొమ్మలు చూపించే మీరు మంచి. రోజులిలా ఉన్నాయి. ఇదిగో మాష్టారూ, ఈ మాత్ర మింగండి. మింగారా? నాలిక చూపించండి. అబద్ధమాడకండి. ఆ, ఇప్పుడు కళ్ళు మూసుకోండి... ఇక పావుగంట లేవరు, పెద్దమ్మా. రండి, ఇలా కిటికీ దగ్గరికి. ఈ కాఫీ మీకే తెచ్చా. ‘మంచి’ అన్నారుగా, ఇంకా ఆ మొహమేంటి?”

“అందుకే ఈ మొహం.”

“అదేంటి?”

“అక్కనని తెలిస్తే మంచి అనడు.”

“ఊరుకోండి! తెలియకపోవడమేంటి? రోజూ బస్సెక్కి వస్తున్నారు. పుల్ల చెర్రీల చారు కాచి సీసాలో పట్టుకొస్తున్నారు. నోట్లో పెడుతున్నారు.”

“నువ్వూ పెడుతున్నావుగా.”

“నేను ‘ఒరేయ్’ అని పెట్టను.”

“ఏమో. వాడికి మాటలు పొడుగైతే సగం అందవని డాక్టరమ్మే చెప్పిందిగా. ఒరేయ్ అందుతుందో లేదో. నేను మధ్య మధ్యలో గాలం వేస్తూనే ఉన్నాను. మార్గిట్ పిన్ని అన్నాను. పోస్టాఫీసన్నాను. ఒక్కటీ తగల్లేదు. దాహం అంటాడు.”

“సూటిగా చెప్పొచ్చు కదా, నేను మీ ఎతెల్కని అని?”

“చెప్తే తెలిసిపోతుంది కదా.”

“మీరు మరీను!”

“నవ్వకు, నిజమే చెప్తున్నా. వచ్చిన మొదటిరోజు గుమ్మంలో అరగంట నించున్నాను. నువ్వు లేవు, ఇంకో అమ్మాయుంది. లోపలికెళ్ళగానే కళ్ళు తెరిచాడు. చూశాడు. పొమ్మంటాడనుకున్నా. ‘నొవ్వేర్’ అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే... సర్లే. ఏ నొవ్వేర్ అని అప్పుడే అడిగితే పోయేది. అడగలేదు. అప్పట్నుంచీ అడగలేకపోతున్నా.”

“‘నా’ నొవ్వేర్ అనొచ్చుగా ఆయన?”

“ఆ ‘నా’ ఊడిపోయిందే! మాటలన్నిటికీ తోకలూడిపోయాయి వాడికి. దిండు. దాహం. సూది. దిండు పెట్టు అంటాడా, పెట్టండి అంటాడా? అదైనా అంటే తెలిసిపోవును. అక్కని ఎవడూ అండీ అనడు కదా. మూడు వారాల్నుంచీ ఆ తోక కోసమే చెవులొగ్గి కూర్చున్నా.”

“రేపొస్తుందేమో. రేపెలాగూ డాక్టరమ్మ అడుగుతుంది.”

“ఏమని అడుగుతుంది? సరిగ్గా చెప్పు.”

“ఈవిడెవరు, ఈవిడతో ఇంటికి వెళ్తారా అని. ఆయన నోటితో చెప్పాలి. లేకపోతే దీర్ఘకాలం రోగులుండే చోటికి పంపించేస్తారు. వేరే జిల్లాలో మంచం ఖాళీ అయిందట.”

“గదికి ఎంతమంది?”

“ఆరుగురు.”

“వాడికి బళ్ళో స్టాఫు రూమే గిట్టేది కాదు. దల్మా, నేను కింది గదికి సున్నం వేయించాను. చక్రాల కుర్చీ పట్టాలని గడప పీకించాను. మంచం కిటికీ దగ్గర వేశాను, కోళ్ళు కనబడతాయి. నేనే అక్కనని కాగితాలు చూపిస్తే చాలదూ? ఒకే అమ్మ పేరు, ఒకే నాన్న పేరు.”

“చాలేది పెద్దమ్మా. కానీ ఆయన పర్సులో చీటీ దొరికిందిగా. ఏదైనా జరిగితే కబురు పెట్టాల్సినవాళ్ళు అన్నచోట, ఎవరూ లేరని రాసి, కింద రెండు గీతలు గీశారు. అందుకే డాక్టరమ్మకి అనుమానం.”

“రెండు గీతలా? పిల్లల పరీక్ష కాగితాల మీద కూడా ఒకటే గీసేవాడు.”

“అసలు మీకెవరు చెప్పారు, ఆయన పడిపోయారని?”

“వాడి ఇంటి కింద కూరగాయల కొట్టుంది. ఆవిడ మా ఊరి ఉల్లిపాయలే అమ్ముతుంది. మూటలు తెచ్చేవాడు మా వీధివాడు. అలా, ఉల్లిపాయలతో పాటు తమ్ముడి సంగతులు కూడా వారానికోసారి అందేవి. జలుబు చేసింది, పిల్లిని పెంచుతున్నాడు, రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి అదే మా ఉత్తరప్రత్యుత్తరం.”

“ఎన్నేళ్ళు?”

“పందొమ్మిది.”

“పందొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదా! ఇక్కణ్ణుంచి మకో గంట కూడా లేదు బస్సులో. ఏం జరిగింది మీ మధ్య?”

“ఏం లేదు. హేత్.”

“ఏడా? ఏం ఏడు?”

“చూశావా. నువ్వు హేత్ అంటే ఏడనుకున్నావు. వాడు వారమనుకున్నాడు.”

“నాకర్థం కాలేదు.”

“అర్థం కావడానికేముంది, చిన్న మాట. ఏడూ హేతే, వారమూ హేతే. అమ్మ మకో ఆస్పత్రిలో ఉంది. మధ్యాహ్నం డాక్టరొచ్చి, సాయంత్రం ఏడు దాటదు, ఎవరైనా ఉంటే పిలిపించండి అన్నాడు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఫోన్లెక్కడివి. వాడి బడికి ఫోన్ చేశాను. వాడు పాఠంలో ఉన్నాడు, గేటు దగ్గర ముసలాయన తీశాడు. చెప్పాను, ఆయన చీటీ మీద రాసుకున్నాడు. ‘అమ్మ. హేత్. రా.’”

“అంతేనా?”

“అంతే. మూడు మాటలు. పోస్టాఫీసు బుద్ధి. టెలిగ్రాం ఇవ్వడానికొచ్చేవాళ్ళకి రోజంతా మాటలు కొట్టేసేదాన్ని. ‘మిక్కిలి విచారంతో తెలియజేయునది’ ఎందుకయ్యా, తీసెయ్. ‘దయచేసి’ ఎందుకు, తీసెయ్. ముప్ఫైనాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ మాటలు తగ్గించి తగ్గించి, మా అమ్మ విషయంలోనూ తగ్గించేశా. ‘గంటలు’ అన్న ముక్క నా నోటికి రాలేదు. అమ్మ, ఏడు, రా. నాకు సరిపోయింది.”

“ఆయన అమ్మకి వారమే ఉందనుకున్నారు.”

“అలాగే అన్నాడు. మర్నాడు పిల్లల్ని కోట చూపించడానికి తీసుకెళ్ళాలి, ముందే ఖాయమైంది. వెళ్ళాడు. మూడో రోజున వచ్చాడు, చేతిలో వారానికి సరిపడా బట్టల పెట్టెతో. మేం అప్పటికి శవపేటిక మూత బిగించేశాం.”

“ఆవిడ ఏడింటికే పోయారా?”

“ఆరూ నలభైకి. దేనికైనా ముందే వెళ్ళి కూర్చునే మనిషి. ఎర్విన్ వచ్చాడా, వచ్చాడా అని తలుపుకేసి చూస్తూనే ఉంది. బస్సులో ఉన్నాడమ్మా అని చెప్తూనే ఉన్నాను. ఎంతసేపు బస్సు, ఇంతకీ ఎక్కణ్ణుంచి వస్తున్నాడు అంది. అదే ఆఖరి మాట.”

“అయ్యో.”

“పూడ్చి వస్తుంటే వాడన్నాడు: గంటలు అని ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి నీకు నోరు రాలేదా? అమ్మని నాకు దక్కకుండా చేసింది నువ్వే. ఇక నీతో ఒక్క మాట మాట్లాడను. అన్నట్టే మాట్లాడలేదు. మాష్టార్లు మాట మీద నిలబడతారు.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? నిజమేగా. తప్పు నాది.”

“అది కాదు పెద్దమ్మా... వారమే అనుకున్నారనుకోండి. మా అమ్మకి వారమే ఉందని చీటీ వస్తే నేను కోటలు చూడ్డానికి వెళ్తానా?”

“...కాఫీ చల్లారిపోతోంది.”

“మీకెప్పుడూ అనిపించలేదా?”

“పందొమ్మిదేళ్ళు నేను అనని మాట నువ్వు రెండు నిమిషాల్లో అనేశావు. అనకు. వాడు అలా అనుకున్నాడు, అంతే. తప్పు నాదైతే ఒక్క మాటతో పోతుంది. నాది కాకపోతే వాడిదవుతుంది. వాడు మోయలేడే. చిన్నప్పుడు కోడిని కోస్తుంటే పక్కింట్లోకి పారిపోయేవాడు.”

“సరే, అనను. మరిప్పుడు భయమేంటి మీకు?”

“భయం కాక ఏముంది? నేను రోజూ వచ్చి ఒక్కో మాటా వాడి నోట్లో పెడుతున్నా. కొర్తె వచ్చింది, లెవేల్ వచ్చింది. ఇందాక అమ్మ అన్నాడు. ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చివరికి అదీ వస్తుంది. నా మీద కోపాన్ని నేనే కూర్చుని, బొమ్మలు చూపించి మరీ నేర్పిస్తున్నా.”

“అయితే ఆ మాట నేర్పకండి. హేత్ అట్ట చేశారా?”

“చేశా. కట్ట అడుగున ఉంది.”

“అక్కడే ఉండనివ్వండి. రేపు గడవనివ్వండి. ముందు ఇంటికి తీసుకెళ్ళండి, కోళ్ళని చూపించండి. కోపాలు తర్వాత చూసుకోవచ్చు.”

“నర్సుగా చెప్తున్నావా, దల్మా?”

“మనవరాలి వయసుదాన్నిగా చెప్తున్నా.”

“మంచి మాటే చెప్పావు. కానీ అది వాణ్ణి దొంగిలించుకుపోయినట్టుంటుంది. ఎవరో మంచి నొవ్వేర్‌తో వెళ్తున్నాననుకుని బస్సెక్కుతాడు. ఓ రోజు పొద్దున్న లేచి చూస్తే పక్కన నేను! ఇల్లు నాది, చెయ్యి పడిపోయి ఉంది, పొమ్మనడానికి కూడా వీల్లేదు పాపం. తనే లేచి వెళ్ళిపోలేడు.”

“మీరు మాష్టారు కంటే మొండి.”

“ముందు పుట్టాను కదా. ఎక్కువ నాకే వచ్చింది.”

“అదుగో, అయిదో గదిలో గంట కొడుతున్నారు. వెళ్ళాలి. నా మాట వినండి పెద్దమ్మా, ఆ అట్ట తీయకండి. మాష్టారు కదులుతున్నారు, చూసుకోండి.”

“వెళ్ళు, వెళ్ళు. ...లేచావా? ఎలా ఉంది?”

“నొవ్వేర్.”

“ఉన్నా. ఇక్కడే ఉన్నా. నీళ్ళు కావాలా?”

“కాదు. బొమ్మ.”

“బొమ్మలింక అయిపోయాయిరా.”

“లేదు. పది... పదిహేను.”

“లెక్కెట్టుకున్నావా? మాట పోయినా మాష్టరీ పోలేదు. పధ్నాలుగు చూశావు. ఒకటి ఉంది... చూపిస్తా. చూపిస్తా, ఉండు. అద్దాలు తుడుచుకోనీ.”

“బొమ్మ.”

“ఇదిగో. ఈ అంకె ఎంత?”

“ఒకటి. రెండు. మూడు... నాలుగు. అయిదు. ఆరు. హేత్.”

“హేత్. ఏడు. తిప్పుతున్నా. ఇది గోడ కేలండర్లో ముక్క. సోమ, మంగళ, బుధ...”

“హేత్.”

“ఆ. వారం. అదీ హేతే. ఎర్విన్, ఇప్పుడో మాట చెప్తా. అందినంత అందుకో. ఒకావిడ ఉంది. ఫోన్లో ఈ మాట చెప్పింది. ఈ పక్కది అనుకుని చెప్పింది, ఏడు. విన్నవాడు ఆ పక్కది అనుకున్నాడు, వారం. ఒక్క మాట ఎక్కువ చెప్పాల్సింది ఆవిడ. చెప్పలేదు. తప్పు ఆవిడదే. అది నీకు...”

“కాదు.”

“ఏంటి కాదు?”

“వెనక.”

“ఇటా?”

“ఏడు. ఇది.”

“అవును, ఏడు. ఆవిడ ఏడనే...”

“చీటీ.”

“...ఏ చీటీ?”

“బడి. గేటు. చీటీ. హేత్.”

“ఆ. గుర్తొచ్చిందా. గుర్తొస్తుందని తెలుసు నాకు. పోనీలే, రానీ. నువ్వు వారమనుకున్నావు.”

“కాదు. ఏడు... గంటలు.”

“అది తర్వాత తెలిసింది. అప్పుడు నువ్వు...”

“అప్పుడు. తెలుసు.”

“ఎర్విన్, మాటలు కలిసిపోతున్నాయి నీకు. మెల్లిగా. ఇది ఏడు. ఇది వారం. ఏదనుకున్నావు?”

“ఏడు. బస్సు... ఎక్కాను.”

“ఏ బస్సు? మకో బస్సా?”

“ఎక్కాను. దిగాను.”

“...ఎందుకు దిగావు?”

“భయం. అమ్మ... కళ్ళు. భయం.”

“అయ్యో, నాయనా.”

“ఇంకో బస్సు. నించున్నాను. వెళ్ళిపోయింది. ఇంకో బస్సు.”

“చాలు. ఇక వద్దు.”

“చీకటి. ఇంటికి. తర్వాత... వారం అన్నాను. అందరికీ. వారం. అబద్ధం.”

“చాలన్నానా? నీళ్ళు తాగు. చెయ్యి వదులు, గ్లాసు అందుకోనీ. వదలవా? సరే, పట్టుకో. పట్టుకునే ఉండు.”

“ఎతెల్క...”

“ఆ! ఆ, ఇక్కడే. ఇక్కడే ఉన్నా. చెప్పు నాన్నా.”

“ఎతెల్క తప్పు... లేదు.”

“లేదు. సరే, లేదు. ఎవరి తప్పూ లేదు. మాట్లాడకు ఇంక, వణుకుతున్నావు. రేపు డాక్టరమ్మ అడిగితే ఇదిగో, ఈ పేరు చెప్పు. ఇందాక ఎంత బాగా అన్నావు, అలాగే అను. అదొక్కటీ చాలు. కింది గది తయారుగా ఉంది, నేను...”

“నొవ్వేర్.”

“చెప్పు.”

“ఇది... మా ఎతెల్కకి... చెప్ప... చెప్పకండి.”

“చెప్పనండి.”